అమెరికా ఖండాల వలసల గురించి రాయడం ఎలా: ముందు పని, తర్వాత చట్టం, ఆ తర్వాతే పండగ

వలసల మీద మన భాషలో వచ్చే రాతల్లో చాలావాటిది ఒకటే దారి. వాళ్ళు అక్కడికి వెళ్ళారు, నానా కష్టాలు పడ్డారు, అయినా సంస్కృతిని మాత్రం వదులుకోలేదు. చదువుతుంటే బాగానే ఉంటుంది కానీ చదివాక చేతికి ఏమీ మిగలదు. ఏ పనికి వెళ్ళారు, ఎవరు రమ్మన్నారు, ఎవరు రావద్దన్నారు, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారు, పెళ్ళి ఎవర్ని చేసుకోనిచ్చారు అన్నవి లేకుండా వంటల గురించీ పాటల గురించీ ఎంత రాసినా అది టూరిస్టు కరపత్రమే అవుతుంది. నా పద్ధతి మొత్తం ఈ వరస మీదే నడుస్తుంది: పని, చట్టం, పండగ. ఇక ఎలా చేయాలో చూద్దాం.

మొదట: చోటు చిన్నది చేసుకోండి

అమెరికా అనగానే మనకి డాలస్, న్యూజెర్సీ, హెచ్-1బి గుర్తొస్తాయి. అక్కడితో ఆగకండి. కెనడా నుంచి చిలీ దాకా రెండు ఖండాలు, మధ్యలో కరీబియన్ దీవులు ఉన్నాయి. పెరూలో చైనా కూలీలు, బ్రెజిల్‌లో జపాన్ రైతులు, మెక్సికోలో లెబనాన్ వ్యాపారులు, గయానాలో మన దేశపు కూలీలు, ఇలా తవ్వేకొద్దీ వస్తూనే ఉంటాయి. అన్నీ ఒకే వ్యాసంలో పెట్టాలని చూస్తే ఒక్కోదానికి రెండు వాక్యాలు కూడా దక్కవు.

ఒక ఊరు (లేదా ఒక జిల్లా అంత చోటు), ఒక పని, ఒక ఇరవై ముప్పై ఏళ్ళ కాలం. ఈ మూడూ ఒక వాక్యంలో రాసి బల్ల మీద పెట్టుకోండి. "1910 నుంచి 1940 దాకా కాలిఫోర్నియా ఇంపీరియల్ వ్యాలీలో పొలాలు చేసిన పంజాబీలు" అంటే అది విషయం. "అమెరికాలో భారతీయులు" అంటే అది విషయం కాదు, లైబ్రరీలో ఒక బీరువా.

పని దగ్గర మొదలుపెట్టండి

మీకు నచ్చిన పండగో, వంటో, పాటో ఒకటి పట్టుకోండి, తప్పులేదు, చాలామందిని ఈ విషయాల్లోకి లాగేది అదే. కానీ రాసేటప్పుడు దాని వెనక్కి నడవండి. ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలుగువాళ్ళకి వెంటనే అర్థమయ్యేది.

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో హోసే అని ఒక పండగ ఉంది. మొహర్రం అన్నమాట. వెదురుతో, రంగు కాగితాలతో పెద్ద పెద్ద తాజియాలు (సమాధి నమూనాలు) కట్టి, తాసా డప్పులు వాయిస్తూ వీధుల్లో ఊరేగించి, చివరికి నీళ్ళలో కలుపుతారు. ఎర్రటి అర్ధచంద్రం ఒకటి, పచ్చటిది ఒకటి, మనుషులు భుజాల మీద ఎత్తుకుని ఆడిస్తారు. ముస్లింల పండగే కానీ పాత రోజుల్లో చెరకు తోటల్లో దీన్ని జరిపినవాళ్ళలో ఎక్కువమంది హిందువులే, ఆఫ్రికా మూలాల వాళ్ళు కూడా వచ్చి డప్పు కొట్టేవారు. మన ఊళ్ళలో పీర్ల పండగ చూసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు, హిందువులు పీర్లు ఎత్తుకోవడం, నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడడం మనకి మామూలే.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "ఎంత చక్కటి మతసామరస్యం!" అని రాసి ముగించేస్తారు. మీరు ఆగకండి. ఈ పండగ అక్కడికి ఎలా వెళ్ళింది? బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834లో రద్దయింది, బానిసల్ని "అప్రెంటిస్" పేరుతో ఇంకో నాలుగేళ్ళు కట్టి ఉంచి 1838లో వదిలారు. చెరకు తోటల వాళ్ళకి చవక కూలీలు కావలసి వచ్చారు. ఫతే అల్ రజాక్ అనే ఓడ 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది, అక్కణ్ణుంచి 1917 దాకా 1,40,000 మందికి పైగా భారతీయులు ఆ దీవికి వెళ్ళారు. అయిదేళ్ళ ఒప్పందం. ఆ అయిదేళ్ళూ పాస్ లేకుండా తోట దాటితే జైలు. ఇప్పుడు మళ్ళీ పండగ వైపు చూడండి. తోట దాటి వెళ్ళకూడని మనిషి, ఏడాదికోసారి వేలమందితో కలిసి, తోట వెనక తోట కలుపుకుంటూ, డప్పులతో పట్నం నడివీధిలోకి నడిచి వస్తున్నాడు. తోట యజమానికి అది పండగలా కనిపిస్తుందా?

కనిపించలేదు. 1880ల్లో చక్కెర ధరలు పడిపోయాయి, కూలీల మీద పని భారం పెరిగింది, తోటల్లో సమ్మెలు మొదలయ్యాయి. అదే సమయంలో ఆఫ్రికా మూలాల వాళ్ళ కార్నివాల్ మీద కూడా ప్రభుత్వం విరుచుకుపడుతోంది, 1881లో దీవి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పెద్ద గొడవే జరిగింది. 1884లో హోసే ఊరేగింపులు పట్నాల్లోకి రాకూడదని నిబంధన పెట్టారు. కూలీలు వినలేదు. ఆ ఏడు అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండో దగ్గర ఊరేగింపుల మీద కాల్పులు జరిపారు. అధికారుల లెక్కలో 16 మంది చనిపోయారు, తర్వాతి లెక్కల్లో ఆ సంఖ్య 22 దాకా వెళ్ళింది, గాయపడ్డవాళ్ళు వందకు పైనే.

ఇది రాశాక ఇప్పుడు అర్ధచంద్రాలు ఆడించడం గురించి రాయండి. పాఠకుడు దాన్ని వేరే కళ్ళతో చదువుతాడు. మీరు విశేషణాలు వాడక్కర్లేదు కూడా.

మన కాలానికి వచ్చినా ఇదే. అమెరికాలో బతుకమ్మ చాలాచోట్ల శనివారమో ఆదివారమో ఆడతారు, తంగేడు, గునుగు దొరక్క కొట్లో దొరికే చామంతులూ గులాబీలూ పేరుస్తారు. "మన పండగ సముద్రాలు దాటింది" అని రాయడం సులువు. ఆఫీసు సెలవు, హాల్ అద్దె, వీసా మీద ఉన్న ఇంటి ఇల్లాలికి ఉద్యోగం చేసే వీలు ఉందా లేదా, ఆ హాల్‌కి డబ్బు ఏ కంపెనీ స్పాన్సర్ చేసింది, ఇవి రాస్తే ఆ పండగ ఎలా నడుస్తోందో తెలుస్తుంది.

చట్టాల పట్టీ ఒకటి గీసుకోండి

ఇది విసుగు పుట్టించే పని. అందుకే ఎవరూ చేయరు, చేసినవాళ్ళ రాత వెంటనే తేడాగా కనిపిస్తుంది. ఒక కాగితం మీద ఎడమ వైపు సంవత్సరం, మధ్యలో చట్టమో ఒప్పందమో, కుడి వైపు మీరు రాస్తున్న మనుషులకి ఆ ఏడు ఏమైందో రాయండి. ఒక్క దేశం చట్టాలే కాదు, పక్క దేశాలవి కూడా. ఎందుకంటే ఒక తలుపు మూస్తే జనం ఇంకో తలుపు దగ్గరికి వెళ్తారు.

బ్రెజిల్ చూడండి. అక్కడ బానిసత్వం 1888 దాకా ఉంది. అది పోయాక కాఫీ తోటలకి ఇటలీ నుంచి కూలీల్ని తెచ్చుకున్నారు. తోటల్లో వాళ్ళ పరిస్థితి ఎంత ఘోరంగా ఉందంటే 1902లో ఇటలీ ప్రభుత్వం, బ్రెజిల్ వాళ్ళ ఖర్చుతో జనాన్ని తీసుకుపోవడాన్ని ఆపేసింది. మరోపక్క అమెరికా 1907లో జపాన్‌తో ఒప్పందం కుదుర్చుకుని జపాన్ కూలీలు రాకుండా చూసుకుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే, 1908 జూన్ 18న కసాటో మారు అనే ఓడ 781 మంది జపాన్ వాళ్ళతో సాంటోస్ రేవుకి ఎందుకు వచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కథ అక్కడితో అయిపోలేదు, 1990లో జపాన్ తన చట్టం మార్చి బ్రెజిల్‌లో పుట్టిన జపాన్ సంతతి వాళ్ళని పనికి రానిచ్చింది, మనవళ్ళు ఫ్యాక్టరీ పనులకి తాతల దేశానికి వెళ్ళారు, అక్కడ వాళ్ళని బ్రెజిల్ వాళ్ళు అన్నారు.

ఇంపీరియల్ వ్యాలీ పంజాబీల కథ కూడా పట్టీ లేకుండా అర్థం కాదు. 1913లో కాలిఫోర్నియా చట్టం, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదంది. 1917లో ఆసియాలో చాలా భాగం నుంచి వలస ఆగిపోయింది, భార్యల్ని తెచ్చుకునే దారి మూసుకుపోయింది. తెల్లవాళ్ళని పెళ్ళి చేసుకోవడానికి రాష్ట్ర చట్టం ఒప్పదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో, అమెరికా సైన్యంలో పనిచేసిన ఆ మనిషికే, నువ్వు తెల్లవాడివి కాదు కాబట్టి పౌరసత్వం లేదు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ వరసగా చూశాక, ఆ పంజాబీ రైతుల్లో చాలామంది అదే పత్తి చేలల్లో పనిచేసే మెక్సికన్ కుటుంబాల అమ్మాయిల్ని ఎందుకు పెళ్ళాడారో, అక్కడే పుట్టి పౌరులైన పిల్లల పేరు మీద భూములు ఎందుకు పెట్టారో, ఆ పిల్లలు చర్చికి వెళ్తూ ఇంట్లో స్పానిష్ ఎందుకు మాట్లాడారో వివరించడానికి "ప్రేమకు హద్దులు లేవు" లాంటి మాట అక్కర్లేదు. హద్దులు ఉన్నాయి, చాలా స్పష్టంగా, సెక్షన్ల వారీగా ఉన్నాయి. వంటింట్లో రోటీ, టోర్టియా పక్కపక్కన చేరింది ఆ హద్దుల మధ్య మిగిలిన చోటులోనే. భారతీయులకి పౌరసత్వం తెరుచుకున్నది 1946లో. పదేళ్ళకి, 1956లో, అదే ఇంపీరియల్ వ్యాలీ రైతు దలీప్ సింగ్ సౌంద్ అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు.

అంకెల దగ్గర ఆగి చూడండి

ఏ అంకె దొరికినా ఒక ప్రశ్న వేయండి: ఇది లెక్కపెట్టింది దేన్ని? మనుషుల్నా, ప్రయాణాలనా, కాగితాలనా?

అమెరికా, మెక్సికోల మధ్య 1942 నుంచి 1964 దాకా బ్రసేరో అనే కూలీల ఒప్పందం నడిచింది. 46 లక్షలు అని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అవి ఒప్పంద పత్రాలు, మనుషులు కాదు. ఒకే మనిషి ఏడాది తర్వాత ఏడాది మళ్ళీ మళ్ళీ సంతకం పెట్టి వెళ్ళాడు. "46 లక్షల మంది" అని రాస్తే తప్పు. సరిహద్దు దగ్గర పట్టుబడ్డ లెక్కలు కూడా ఇంతే, ఒకే మనిషి రెండుమూడు సార్లు పట్టుబడితే రెండుమూడు సార్లు ఎక్కుతాడు.

ఇంకో తప్పు, అంకెల్ని ఒకే దిక్కుకి తిప్పడం. కొలంబియా, పనామా మధ్య రోడ్డు లేని అడవి ఉంది, డరియెన్ గ్యాప్. 2023లో 5,20,000 మందికి పైగా ఆ అడవి దాటారు, వాళ్ళలో "డంకీ" దారిలో, అంటే ఏజెంట్లు దొంగతనంగా దాటించే దారిలో, వచ్చిన మన దేశస్థులు కూడా ఉన్నారు. ఈ అంకె చూసి లాటిన్ అమెరికా అంతా అమెరికాకి నడిచి వెళ్తోందని రాసేస్తారు. వెనిజులా వదిలిన 70 లక్షలకు పైగా జనంలో ఎక్కువమంది కొలంబియా, పెరూ, బ్రెజిల్, చిలీ లాంటి దగ్గరి దేశాల్లోనే ఉన్నారు. టీవీలో కనిపించేది ఒక గోడ, అసలు వలస చాలావరకు పక్క దేశానికి బస్సులో జరుగుతుంది.

పాత కాగితాలు ఎక్కడ వెతకాలి

ఇంటి దగ్గర కూర్చునే చాలా దొరుకుతాయి. సురినామ్‌కి వెళ్ళిన భారతీయ కూలీల వివరాలు నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టింది. మెక్సికన్ కూలీల సొంత మాటలు బ్రసేరో హిస్టరీ ఆర్కైవ్‌లో ఉన్నాయి, ఎక్కువ స్పానిష్‌లో. అమెరికాలోని దక్షిణాసియా వాళ్ళ ఫోటోలు, ఉత్తరాలు 'సాదా' అనే డిజిటల్ ఆర్కైవ్‌లో చూడొచ్చు. సావో పాలోలో వలస వచ్చినవాళ్ళని దింపిన పాత సత్రమే ఇప్పుడు మ్యూజియం.

కరీబియన్‌కి వెళ్ళిన కూలీల ఎమిగ్రేషన్ పాస్ చూస్తే ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు అన్నీ ఉంటాయి. గుమాస్తా విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు కాబట్టి ఊరి పేర్లు గుర్తుపట్టడం కష్టం. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, కానీ అక్కడి జనం నోట అందరూ "మద్రాసీ"లే. రికార్డుల్లో ముద్రలు కూడా అలాంటివే: అమెరికా కాగితాల్లో పంజాబీ సిక్కు "హిందూ" అయ్యాడు, ఒట్టోమన్ (టర్కీ సామ్రాజ్యం) పాస్‌పోర్టుతో వచ్చిన లెబనాన్ క్రైస్తవుడు లాటిన్ అమెరికా అంతటా "టర్కో" అయ్యాడు. వెతికేటప్పుడు ఆనాటి మాటతో వెతకండి, రాసేటప్పుడు అసలు వాళ్ళెవరో రాయండి.

ఎలిస్ ఐలాండ్‌లో, అంటే వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసిన న్యూయార్క్ రేవు దీవిలో, అధికారులు పేర్లు మార్చేశారు అనే కథ మాత్రం దయచేసి రాయకండి. జనం ఓడ ఎక్కిన చోట తయారైన జాబితా చూసే అధికారులు పిలిచారు, పేర్లు మార్చుకున్నది ఎక్కువగా తర్వాత ఆ మనుషులే.

మనుషులతో మాట్లాడేటప్పుడు

"మీ సంస్కృతి గురించి చెప్పండి" అని అడిగితే స్టేజీ మీద మాట్లాడినట్టు మాట్లాడతారు. చిన్న ప్రశ్నలు అడగండి. మొదటి జీతంతో ఏం కొన్నారు? సెలవు ఏ రోజు? డబ్బు లెక్కపెట్టేటప్పుడు మనసులో ఏ భాష? ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు, ఏ టైముకి? వంటలో ఏది దొరక్క ఏది వేస్తున్నారు? (ట్రినిడాడ్‌లో కొత్తిమీర చోట షాడో బేని అనే ఆకు వేస్తారు, గయానాలో పూజ భోజనం తామర ఆకులాంటి పెద్ద ఆకులో ఏడు కూరలతో పెడతారు, ఇలాంటివి ఈ ప్రశ్నకే వస్తాయి.) ఏది మానేశారు అన్న ప్రశ్న మర్చిపోవద్దు, నాకైతే అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే ప్రశ్న అదే.

పేపర్లు లేనివాళ్ళ విషయంలో గీత గట్టిగా గీయాలి. పేరు మార్చడం ఒక్కటే చాలదు. ఊరు, పనిచేసే చోటు, పిల్లల బడి, దారిలో సాయం చేసిన మనిషి, ఏజెంట్‌కి ఇచ్చిన మొత్తం, ఇవి కలిపితే మనిషి దొరికిపోతాడు. ఫోటో వద్దు, రికార్డింగ్ ఫోన్లో ఉంచుకోవద్దు. మీకు అద్భుతంగా అనిపించిన వివరం వల్ల ఆయనకి నోటీసు వచ్చే అవకాశం ఉంటే ఆ వివరం తీసేయండి, బేరం లేదు.

"అది మనదే" అనిపించినప్పుడు

ఈ జబ్బు మనకి బాగా ఉంది. సెయింట్ లూసియా, డొమినికా ఆడవాళ్ళ జాతీయ దుస్తుల్లో "మద్రాస్" అనే గళ్ళ బట్ట ఉంటుంది, గ్వాడెలూప్, మార్టినీక్‌లలో అదే తలకి చుడతారు. మద్రాసు ఓడల్లో మన కూలీలు వెళ్ళారు, వాళ్ళే తీసుకెళ్ళారు అని రాయాలనిపిస్తుంది. తేదీలు చూడండి. భారతీయ కూలీలు మార్టినీక్ చేరింది 1853లో, గ్వాడెలూప్ 1854లో. ఆ బట్ట అంతకు చాలా ముందే, బానిసత్వం ఉన్న 18వ శతాబ్దంలోనే, వ్యాపారుల ఓడల్లో కోరమాండల్ తీరం నుంచి అక్కడికి చేరింది. దాన్ని అందంగా తలకి చుట్టే పద్ధతి ఆఫ్రికా మూలాల ఆడవాళ్ళది. నేసింది మన తీరంలో, దానికి అర్థం ఇచ్చింది వాళ్ళు. ఇలా రాస్తే మన పాత్ర తగ్గదు, సరిగ్గా ఉంటుంది.

ఇలాంటి ఏ వాక్యం రాసినా పక్కన రెండు తేదీలు వేసుకోండి: మనుషులు ఎప్పుడు వెళ్ళారు, ఆ వస్తువు అక్కడ మొదట ఎప్పుడు కనిపించింది. రెండో తేదీ ముందుంటే వాక్యం కొట్టేయండి.

దారికి రెండు కొసలు

వెళ్ళిన ఊరు రాసి, వదిలి వచ్చిన ఊరు మర్చిపోతాం. మెక్సికోలో జకాటెకస్ లాంటి రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు సొంతూరి పేరుతో సంఘాలు పెట్టుకున్నారు, వాళ్ళు ఒక డాలర్ వేస్తే కేంద్రం ఒకటి, రాష్ట్రం ఒకటి, మున్సిపాలిటీ ఒకటి వేసే పథకం చాలా ఏళ్ళు నడిచింది. రోడ్లు, బళ్ళు, చర్చిల రిపేర్లు అలా జరిగాయి. మన ఎన్నారైలు ఊళ్ళో కట్టించే కమాన్లూ క్లాసురూములూ చూసినవాళ్ళు దీని గురించి బాగా రాయగలరు, ఊరి రాజకీయంలో ఆ డబ్బు ఏం చేస్తుందో కూడా వాళ్ళకి తెలుసు.

తిరుగు దారి ఎప్పుడూ మంచిదే కాదు. ఎమ్మెస్-13 ముఠాని ఎల్ సాల్వడార్ వాళ్ళు అమెరికాకి తెచ్చారని అనుకుంటారు. అది 1980ల్లో లాస్ ఏంజెలెస్‌లో, అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుర్రాళ్ళ మధ్య పుట్టింది, 1990ల్లో వాళ్ళని వెనక్కి పంపేస్తే ఎల్ సాల్వడార్ చేరింది. పాటలకీ ఇలాంటి దారులే: పనామా కాలువ తవ్వడానికి బార్బడోస్, జమైకాల నుంచి వచ్చిన కూలీల వారసులు పనామాలో రెగే అనే జమైకా పాటని స్పానిష్‌లో పాడారు, రెగెటాన్ అనే స్పానిష్ డాన్స్ పాటల తీరుకి ఒక వేరు అక్కడుంది, ఇంకొకటి ప్యుర్టో రికోలో. మ్యాప్ మీద బాణం గుర్తు గీసేముందు అది ఎటు పోతోందో చూసుకోండి, చాలాసార్లు అది రెండు మూడు మలుపులు తిరుగుతుంది.

రాయడం, సరిచూడడం

మొదటి పేరాలో ఒక మనిషి, ఒక పనిముట్టు, ఒక తేదీ పెట్టండి. చట్టాలన్నీ ఒకేచోట కుప్ప పోయకండి, ఆ చట్టం ఎవరి చేయి పట్టుకుని ఆపిందో అక్కడ చెప్పండి.

పేర్లు పలికే తీరు చూసుకోండి. స్పానిష్‌లో హోర్హే అని పలికే పేరునే బ్రెజిల్‌లో జోర్జి అంటారు, ఇంగ్లీషు అక్షరాలు చూసి రెండు చోట్లా జార్జ్ అని రాస్తే అక్కడివాళ్ళకి నవ్వొస్తుంది. యూట్యూబ్‌లో ఆ దేశపు వార్తలు పది నిమిషాలు వింటే ఈ సమస్య చాలావరకు తీరిపోతుంది.

అయ్యాక, ఆ సముదాయానికి చెందిన ఒకరికైనా వినిపించండి. తెలుగు రాదు కదా అని వదిలేయకండి, పేరా పేరా వాళ్ళకి తెలిసిన భాషలో చెప్పండి, అనువాదం యాప్‌తోనైనా సరే. వాళ్ళు "ఇది తప్పు" అంటే సరిచేయండి. "ఇది నిజమే కానీ రాయొద్దు" అంటే ఎందుకో అడగండి. భయంతో అంటున్నారా, పరువు కోసం అంటున్నారా తెలుసుకోండి. భయమైతే తీసేయండి. పరువైతే కూర్చుని మాట్లాడండి, తొందరపడి ఒప్పుకోవద్దు, తొందరపడి పోస్ట్ చేయనూ వద్దు.